తాతల ఊరంటే ప్రాణం అయితే కులపిచ్చి ఉన్నట్టేనా?

ప్రశ్న చాలా పొడుగ్గా ఉంది కాబట్టి, చదివేవాళ్ళ కోసం ముందు రెండు ముక్కల్లో చెప్తాను. అడిగిన అబ్బాయిది శ్రీకాకుళం జిల్లా, ఉద్దానం వైపు. హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ మూడో ఏడు. హాస్టల్లో అతని యాసను వెక్కిరిస్తారు, "ఏటి" ("ఏమిటి"ని వాళ్ళ వైపు అలా అంటారు) అని పేరు పెట్టి పిలుస్తారు. కొత్తగా పరిచయమైనవాళ్ళు ఇంటిపేరు అడుగుతారు, ఊరు అడుగుతారు, అప్పటికీ కులం తేలకపోతే "మీరేమిట్లు?" (అంటే ఏ కులంవాళ్ళు) అంటారు. గది అద్దెకు వెళ్ళినా ఇదే తంతు. ఇంకోపక్క ఈ అబ్బాయికి తాతల నాటి సంగతులంటే ప్రాణం. ముత్తాత రంగం (బర్మాలోని రంగూన్) నుంచి నడిచి రావడం, 2018 తిత్లీ తుపానులో పడిపోయిన కొబ్బరి తోట, గ్రామదేవత పండగ. ఇవన్నీ ఒక రోజు చెప్తుంటే రూమ్మేట్ "మూలాలంటూ మురిసిపోవడమే కులగజ్జికి మొదలు, నిన్ను వెక్కిరించేవాళ్ళకీ నీకూ తేడా ఏముంది?" అన్నాడట. అది నిజమా? ఇంటిపేరు తీసేసుకుంటే ఈ గొడవ వదులుతుందా? ఇవీ ప్రశ్నలు.

నేను ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్తాను. చాలా ఏళ్ళు హాస్టల్ వార్డెన్‌గా కూడా చేశాను. ఏటా రెండో సంవత్సరం పిల్లల చేత వాళ్ళ కుటుంబ చరిత్ర రాయిస్తాను. కాబట్టి నువ్వు అడిగిన రెండు విషయాలూ నాకు రోజూ ఎదురయ్యేవే. మా స్టూడెంట్ల వయసువాడివి, నువ్వు అనే అంటాను, ఏమీ అనుకోకు.

సూటిగా చెప్పాలంటే: మీ రూమ్మేట్ మాటలో సగం నిజం ఉంది. తాతల మీద ప్రేమ తప్పేమీ కాదు. వాళ్ళు ఏం పని చేశారు, ఎక్కడెక్కడికి పోయారు, ఏం తిన్నారు, ఎలా మాట్లాడారు అనే ఆసక్తితో వచ్చిన ప్రేమ అయితే దానివల్ల ఎవరికీ నష్టం లేదు. "మేం ఫలానావాళ్ళ కంటే ఒక మెట్టు పైన" అన్న లెక్కతో వచ్చిందైతే మాత్రం రూమ్మేట్ అన్నది అక్షరాలా కరెక్టు. అయితే నేను చూసినంతలో, మూలాలను శ్రద్ధగా తవ్వినవాళ్ళకి ఆ మెట్ల లెక్క ఎక్కువ రోజులు నిలవదు. తాత పేరు దాటి ఏమీ తెలియనివాళ్ళకే వంశం గొప్ప ఎక్కువ.

ఎందుకంటున్నానో చెప్తాను. ముందు అందరూ ఆరా తీసే ఆ ఇంటిపేరు సంగతే చూద్దాం.

మన ఇంటిపేర్లలో చాలావాటికి మూలం ఊరి పేరే. ఇప్పుడు అద్దంకి అనే ఊళ్ళో ఉన్నవాణ్ని ఆ ఊళ్ళో ఎవరూ "అద్దంకి వాడు" అనరు కదా, అక్కడ అందరూ అద్దంకి వాళ్ళే. ఆ ఊరు వదిలి వేరే చోట కాపురం పెట్టినప్పుడే ఆ పేరు అంటుకుంటుంది. అంటే ఊరి పేరు ఇంటిపేరైన కుటుంబాల్లో చాలావరకు ఎప్పుడో ఒకప్పుడు మూటాముల్లె సర్దుకుని వలస వచ్చినవే. పైగా ఒక ఊరి నుంచి ఒక్క కులంవాళ్ళే వలస పోరు. అందుకే ఒకే ఇంటిపేరు నాలుగైదు కులాల్లో కనిపిస్తుంది. పేరు చివర తోకలూ అంతే. "నాయుడు" అని వినగానే చిత్తూరువాడు ఒక కులం అనుకుంటాడు, విజయనగరంవాడు ఇంకోటి అనుకుంటాడు. "రావు" సంగతి సరేసరి. తెలంగాణలో వెలమలు ఓసీలు, దొరలుగా పేరున్నవాళ్ళు. మీ వైపు కొప్పుల వెలమలు బీసీ-డి జాబితాలో ఉన్నారు. ఇంటిపేరు వినీ, తోక చూసీ లెక్క కట్టేవాళ్ళు సగంసార్లు తప్పులో కాలేస్తారు. తప్పులో కాలేసినా అలవాటు మానరు, అదే విచిత్రం.

మా హాస్టల్లో ఒకసారి ఇద్దరు కుర్రాళ్ళకి ఒకే ఇంటిపేరు పడింది. ఒకడిది గుంటూరు వైపు, ఇంకొకడిది ఖమ్మం వైపు. మొదట్లో "మనోడే" అంటూ ఒకే కంచంలో తిన్నంత పని చేశారు. తర్వాత ఖమ్మం అబ్బాయి స్కాలర్‌షిప్ కాగితాలు ఎవరో చూశారు. అంతే, గుంటూరు అబ్బాయి నా దగ్గరికి వచ్చి గది మార్చమన్నాడు. కారణం అడిగితే "ఫ్యాన్ స్పీడు దగ్గర పడట్లేదు మేడమ్" అన్నాడు. గది మార్చలేదు. ఫ్యాన్ రెగ్యులేటర్ మాత్రం మార్పించాను. ఏడాది పాటు ఇద్దరూ ఆ గదిలోనే ఉన్నారు. గొప్ప స్నేహితులేమీ కాలేదు గానీ, పరీక్షలప్పుడు ఒకరి నోట్సు ఒకరు వాడుకునేవారు. నేను అంతకంటే ఆశించలేదు.

ఇక వంశం. దీన్ని ఒకసారి లెక్కేసి చూడు. అమ్మానాన్నలు ఇద్దరు. వాళ్ళ తల్లిదండ్రులు నలుగురు. ఆ పైన ఎనిమిది, ఆ పైన పదహారు, ఆ పైన 32. అయిదు తరాలు వెనక్కి వెళ్తే నీకు 32 మంది పూర్వీకులు ఉన్నారు, నీ ఇంటిపేరు వచ్చింది అందులో ఒక్కడి దగ్గర్నుంచి. మిగతా 31 మందీ నీ రక్తమే కదా, వాళ్ళ పేర్లేవీ? (మన ఇళ్ళల్లో మేనరికాలు ఎక్కువ కాబట్టి అసలు సంఖ్య ఇంకొంచెం తగ్గుతుంది. ఒకే మనిషి రెండు మూడు చోట్ల తేలతాడు. మా ఇంటి పట్టిక గీసినప్పుడు ఒక తాతగారు ఎటు తిరిగినా అడ్డొచ్చేవారు.)

అందుకే నా అసైన్‌మెంట్‌లో ఒక షరతు పెడతాను: నాన్న వైపు నుంచి మొదలుపెట్టకూడదు, అమ్మమ్మ నుంచి మొదలుపెట్టాలి. నాన్న వైపు వంశవృక్షం ప్రతి ఇంట్లో ఎవరో ఒకరు ఎప్పుడో రాసే ఉంటారు. అందులో ఆడవాళ్ళు "భార్య" అన్న మాట పక్కన ఒక చుక్క. అమ్మమ్మ పుట్టిల్లు ఏ ఊరు, ఆవిడ తల్లిది ఏ ఊరు అని అడగడం మొదలుపెడితే పిల్లలు జిల్లాలు దాటి పోతారు. కొందరు రాష్ట్రాలే దాటారు. శ్రీకాకుళం పిల్లలకైతే పదింట రెండు మూడు ఇళ్ళలో అటు ఒడిశా వైపు చుట్టరికం తేలుతుంది. పర్లాకిమిడి, బరంపురం, ఇచ్ఛాపురం మధ్య గీత 1936లో గీసింది, పెళ్ళిళ్ళు అంతకు ముందు నుంచీ ఉన్నవి.

ఒక అబ్బాయి ఇంట్లో "మనం దివాణం వాళ్ళం" అన్న మాట తరతరాలుగా నడుస్తోంది. జమీందారీ పేరు చెప్పను. వాడు కూడా క్లాసులో ఆ దర్జాతోనే ఉండేవాడు. అమ్మమ్మను కూర్చోబెట్టి అడిగితే ఆవిడ తేలిగ్గా చెప్పేసింది: దివాణంతో సంబంధం నిజమే, పెద్దాయన దివాణం గుర్రాలకి గడ్డి కోసేవాడు. వాడికి నమ్మకం కుదరక తహసీల్దారు ఆఫీసుకి కూడా వెళ్ళాడు. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత జమీందారీ గ్రామాలకి సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ (ఏ భూమి ఎవరిదో రాసిన రికార్డు) తయారు చేశారు, పాత జమీందారీ ప్రాంతాల్లో ఎవరి కుటుంబమైనా వెతకాల్సిన మొదటి కాగితం అదే (తెలంగాణలో అయితే సేత్వార్, 1954-55 ఖాస్రా పహాణీ). అందులో వాళ్ళ కుటుంబం పేరున చిన్న భూమి చెక్క మాత్రమే ఉంది. వాడు సిగ్గుపడతాడేమో అనుకున్నాను. క్లాసులో లేచి గడ్డి సంగతితో సహా చదివాడు. ఇప్పటికీ ఎక్కడ కలిసినా "దివాణం గడ్డి బ్యాచ్" అని వాడే అంటాడు.

మూలాల మీద ప్రేమ పెద్ద కులాల సొత్తేమీ కాదు, ఇది మీ రూమ్మేట్‌కి కూడా చెప్పు. తెలుగునాట దాదాపు ప్రతి కులానికీ పుట్టుక కథ ఉంది, ఆ కథ చెప్పడానికి దానిమీదే ఆధారపడి బతికే ఒక కులమో ఉపకులమో ఉంది. పద్మశాలీలకి కూనపులివాళ్ళు పటం పట్టి మార్కండేయ పురాణం చెప్తారు. మాదిగలకి డక్కలివాళ్ళు జాంబపురాణం చెప్తారు. గొల్లలకి మందెచ్చులవాళ్ళు ఉన్నారు. ఆదిలాబాద్ గోండులకి పర్ధానులు, తోటీలు ఉన్నారు. జాంబపురాణం ప్రకారం జాంబవుడు భూమి కంటే ముందే పుట్టాడు. పద్మశాలీల కథలో భావనారుషి తామర తూడు దారంతో దేవతలకి బట్ట నేశాడు. ఇలా ఏ కథ విన్నా అందరి కంటే ముందు పుట్టింది వాళ్ళే, లోకానికి అవసరమైంది వాళ్ళే. మా క్లాసులో ఒక ఏడు ఈ కథలు నాలుగు వరసగా చెప్పించాను. మూడో కథకి పిల్లలు నవ్వడం మొదలుపెట్టారు, ఎగతాళిగా కాదు. అందరూ మొదటివాళ్ళే అయితే రెండోవాడు ఎవడు అని ఒకమ్మాయి అడిగింది.

ఇందులోనే ఇంకో చేదు ముక్క కూడా ఉంది. ఎదుటివాళ్ళ గోత్రాలు, ఇంటిపేర్లు తరాల తరబడి నోటికి పట్టి పాడిన వంశరాజుల్ని జనం పిలిచిన పాత పేరు ఎంత అవమానకరమైనదంటే, ప్రభుత్వమే బీసీ జాబితాలోంచి ఆ పేరు తీసేసి వంశరాజ్ అని రాయాల్సి వచ్చింది. మన వంశం పొగిడించుకోవడానికి వాళ్ళు కావాలి, అరుగు మీద కూర్చోబెట్టడానికి మాత్రం పనికిరారు. వివక్ష, మూలాల మోజు ఒకే గడపలో కాపురం చేసిన సందర్భం ఇది. అందుకే రూమ్మేట్ మాటలో సగం నిజం ఉందన్నాను.

ఇప్పుడు మీ ముత్తాత దగ్గరికి వద్దాం. ఇది నాకు ఇష్టమైన సబ్జెక్టు కాబట్టి కొంచెం ఎక్కువ రాస్తాను, ఓపిక పట్టు.

కోరంగి, విశాఖ, భీమిలి, కళింగపట్నం, బారువ రేవుల నుంచి లెక్కలేనంత మంది రంగం పోయారు. రేవులో బరువులు మోయడం, బియ్యం మిల్లుల్లో పని, రిక్షా లాగడం. 1931 నాటికి రంగూన్ జనాభాలో సగానికి పైగా భారతీయులే. తెలుగు కూలీలని అక్కడివాళ్ళూ, ఇంగ్లీషువాళ్ళూ "కోరంగీలు" అనేవారు. రేవు పేరు మనుషులకి పేరైంది, తర్వాత అది తిట్టుగా కూడా మారింది. 1930 మే నెలలో రేవు పనుల దగ్గర తెలుగు కూలీలకీ బర్మా కూలీలకీ పెద్ద కొట్లాట జరిగింది. మనవాళ్ళు జీతం పెంచమని సమ్మె చేస్తే కంపెనీలు బర్మావాళ్ళని పనిలో పెట్టుకున్నాయి, సమ్మె తేలాక వాళ్ళని పొమ్మన్నాయి. చనిపోయినవాళ్ళలో ఎక్కువమంది మన కూలీలు. 1941 డిసెంబర్ 23న జపాన్ రంగూన్ మీద బాంబులు వేసింది. ఆ తర్వాత కొన్ని నెలల్లో లక్షల మంది అరకాన్ వైపు నుంచీ, మణిపూర్ కొండల మీదుగానూ నడుచుకుంటూ బయటపడ్డారు. ఆకలితో, మలేరియాతో, కలరాతో దారిలో పోయినవాళ్ళు వేలల్లో ఉన్నారు. తెల్లవాళ్ళకి ఒక దారి, నల్లవాళ్ళకి ఇంకో దారి పెట్టారని అప్పట్లోనే పెద్ద దుమారం రేగింది. మీ ముత్తాత నడిచింది ఆ నడకే అయి ఉంటుంది. 1962లో సైన్యం అధికారంలోకి వచ్చి వ్యాపారాలు స్వాధీనం చేసుకున్నాక ఇంకో విడత జనం తిరిగొచ్చారు. విశాఖలో బర్మా క్యాంపు అలా ఏర్పడిందే.

అంటే నిన్ను హైదరాబాద్‌లో "ఏటి" అన్నట్టే మీ ముత్తాతని రంగంలో "కోరంగీ" అన్నారు. ఈ సంగతి నీకు ధైర్యం ఇవ్వచ్చు. కానీ అక్కడే ఆగకు. బర్మా కూలీ వైపు నుంచి కూడా ఒకసారి ఆలోచించు. తన దేశంలో తన పని ఇంకొకడు తక్కువ కూలికి ఎత్తుకుపోతున్నాడు, అప్పులకింద పొలాలు చెట్టియార్ల (తమిళ వడ్డీ వ్యాపారుల) చేతికి పోతున్నాయి, అతని కోపం గాల్లోంచి రాలేదు. ఇంకోటి, మనవాళ్ళని అక్కడికి తీసుకెళ్ళింది ఎవరు? మేస్త్రీ. వాడు ఎక్కువసార్లు అదే జిల్లావాడు, ఒక్కోసారి అదే ఊరివాడు. అడ్వాన్సు ఇచ్చి ఓడ ఎక్కించి, ఆ అప్పు తీరేదాకా కూలిలోంచి కోసుకున్నది వాడే. "మనోడు" అన్న నమ్మకం మీదే ఆ వ్యాపారమంతా నడిచింది. ఊరి ప్రేమ గురించి ఎవరైనా మరీ కళ్ళు మూసుకుని మాట్లాడితే నేను ఈ మేస్త్రీ సంగతి గుర్తు చేస్తాను.

మీ తాత దగ్గరికి ఈసారి వెళ్ళినప్పుడు ఫోన్‌లో రికార్డర్ పెట్టి అడుగు: ముత్తాత ఏ రేవులో ఓడ ఎక్కారు, మేస్త్రీ ఎవరు, అడ్వాన్సు ఎంత, నడకలో ఎవరెవరు పోయారు, తిరిగొచ్చాక ఊళ్ళో జనం ఎలా చూశారు. ఇవి తాత చెప్తాడు. "రంగంలో ఇంకో కాపురం ఉండేదా?" అన్నది మాత్రం నానమ్మని విడిగా అడుగు, తాత పక్కన ఉంటే చెప్పదు. చివరగా ఊరి గురించి ఒకటి అడగాలి: మన బావి దగ్గరికి ఎవరు రాకూడదనేవారు? ఇది అడగని కుటుంబ చరిత్ర సగమే అని నా ఉద్దేశం. జవాబు వినడానికి ఇబ్బందిగా ఉంటుంది. విను. బావి దగ్గరికి రానివ్వనివాళ్ళలో మీవాళ్ళే ఉన్నారో, లేక రానివ్వనిది మీవాళ్ళో నాకు తెలియదు. నీ కులమేమిటో నువ్వు రాయలేదు, నేనూ అడగను.

యాస విషయంలో నువ్వు రాసిన ఒక వాక్యం నాకు బాధ కలిగించింది: "ఇంటికి ఫోన్ చేయాలంటే బయట మెట్ల దగ్గరికి వెళ్తున్నాను" అన్నావు. ఒక్క సంగతి గుర్తు పెట్టుకో. పుస్తకాల భాషని కిందికి దించి, జనం మాట్లాడే తెలుగులో చదువు చెప్పాలని జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి మీ జిల్లావాడు. 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం చేస్తున్నాం. మీ హాస్టల్ కుర్రాళ్ళు రోజూ చదివే వాడుక తెలుగు పేపరు వెనక మీ ఊరివైపు మాస్టారొకాయన ఉన్నారు.

కానీ నేను గిడుగువారిని తలుచుకునేది ఆ గర్వం కోసం మాత్రమే కాదు. ఆయనకి తన నేల మీద ఎంత ప్రేమంటే, 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు అక్కడ ఉండలేక రాజమండ్రి వచ్చేశారు. అదే మనిషి, తనది కాని సవర గిరిజనుల భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం రాసి, నిఘంటువు తయారు చేసి, సవర పిల్లలకి వాళ్ళ భాషలోనే చదువు చెప్పించడానికి చేతి డబ్బు ఖర్చు పెట్టారు. ఆ రోజుల్లో ఆయన కులంవాళ్ళు సవరలతో కూర్చుని మాట్లాడటమే వింత. తన మాటని వెక్కిరిస్తే ఎలా ఉంటుందో తెలిసినవాడు పక్కవాడి మాటకి కూడా విలువ ఇచ్చాడు. మూలాల మీద ప్రేమ వివక్షకి దారి తీయాల్సిన పని లేదని మీ రూమ్మేట్‌కి ఉదాహరణ కావాలంటే ఇదే చెప్పు.

యాస మీద నవ్వులు శాశ్వతం అని కూడా అనుకోకు. మా చిన్నప్పుడు సినిమాల్లో తెలంగాణ మాట రౌడీకో పనిమనిషికో పెట్టేవారు. ఇప్పుడు హీరోలే మాట్లాడుతున్నారు. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం లేకపోతే ఈ మార్పు ఇంత త్వరగా వచ్చేది కాదు. తెలంగాణ కవి కాళోజీ పుట్టినరోజు సెప్టెంబర్ 9 ఇప్పుడు తెలంగాణ భాషా దినోత్సవం. మీ ఉత్తరాంధ్ర మాట మాత్రం ఇంకా కామెడీ ట్రాక్‌లోనే ఉంది. ఇంటర్వ్యూలో, సెమినార్లో అందరికీ అర్థమయ్యేలా మాట్లాడటం వేరు, అది ఎవరైనా నేర్చుకోవాల్సిందే. అమ్మతో మాట్లాడటానికి మెట్ల దగ్గరికి పోనక్కర్లేదు.

ఒక హెచ్చరిక. మూలాల్ని అందరూ ప్రేమించాలని మాత్రం అనకు. మా క్లాసులో ఒకమ్మాయి "మా తాతల గురించి రాయడానికి వెట్టి తప్ప ఏముంది మేడమ్?" అంది. కొందరికి ఊరంటే కొబ్బరి తోట, పండగ. కొందరికి ఊరంటే చెప్పులు చేత్తో పట్టుకుని నడిచిన వీధి. ఊరు వదిలి రావడమే వాళ్ళకి విముక్తి. ఆ అమ్మాయి తాతల్ని వదిలేసి, తన తల్లి మొదటిసారి హైదరాబాద్ వచ్చి ఇళ్ళు కట్టే చోట ఇటుకలు మోసిన రోజుల గురించి రాసింది. నా దగ్గరికి వచ్చిన మంచి పేపర్లలో అదొకటి. నీ రూమ్మేట్ కూడా ఎందుకలా విసురుగా అన్నాడో ఒకసారి తీరిగ్గా కనుక్కో. అతని ఊరు అతనికేం చేసిందో నీకు తెలియకపోవచ్చు.

అలాగే నీ వైపు కూడా చూసుకో. మీ మెస్‌లో పనిచేసే ఒడిశా, బీహార్ కుర్రాళ్ళని ఏమని పిలుస్తారు? ఈశాన్య రాష్ట్రాల విద్యార్థులు ఉంటే వాళ్ళని? "ఒరేయ్ బీహారీ" అని పిలిచే గుంపులో నువ్వూ ఉంటే, "ఏటి" గురించి ఫిర్యాదు చేసే హక్కు పోదు గానీ బరువు తగ్గుతుంది.

ఇక రోజువారీ చిక్కులు.

"మీరేమిట్లు?" అని అడిగేవాళ్ళంతా ఒకటి కాదు. ఊరి పెద్దవాళ్ళు చాలామంది అలవాటుగా అడుగుతారు, వాళ్ళతో గొడవ అనవసరం. "మేం ఉద్దానం వాళ్ళమండీ" అని నవ్వి మాట మార్చెయ్యి. తోటి వయసువాళ్ళు అడిగితే "ఎందుకు, సంబంధం చూస్తున్నావా?" అను. మా అమ్మాయిల హాస్టల్లో ఈ జవాబు బాగా పనిచేసింది. ఇంటి ఓనరు అడిగితే నీ ఇష్టం. గది అవసరం నీది కాబట్టి నేను వీరత్వం చేయమని చెప్పను. కానీ కులం చూసి ఇచ్చే ఇంట్లో రేపు నీ స్నేహితుణ్ని రానిస్తారా లేదా అన్నది కూడా ఆలోచించుకుని అడ్వాన్సు ఇవ్వు.

హాస్టల్ వెక్కిరింపులు సరదా దాటితే ఊరుకోవద్దు. చాలామందికి తెలియని విషయం ఒకటుంది: యూజీసీ 2009 ర్యాగింగ్ నిబంధనలకి 2016లో చేసిన సవరణ ప్రకారం, ప్రాంతం, భాష, కులం, పుట్టిన చోటు, రంగు, ఆర్థిక స్థితి లాంటి కారణాలతో ఒక విద్యార్థిని వేధించడం, వెలివేసినట్టు చూడటం కూడా ర్యాగింగే. ఫ్రెషర్ అయి ఉండాలన్న రూలు లేదు, మూడో ఏడు విద్యార్థికి కూడా వర్తిస్తుంది. మొదట పేరు పెట్టి పిలిచేవాడితో ఒంటరిగా, మామూలుగా మాట్లాడు. సగం కేసులు అక్కడే తేలిపోతాయి. తేలకపోతే తేదీలు, మాటలు రాసిపెట్టుకుని, వాట్సాప్ మెసేజ్‌లు ఉంటే స్క్రీన్‌షాట్లు తీసుకుని కాలేజీ యాంటీ ర్యాగింగ్ కమిటీకి రాతపూర్వకంగా ఇవ్వు. నోటిమాటగా చెప్తే నోటిమాటతోనే సర్దేస్తారు, వార్డెన్‌గా చేసినదాన్ని కాబట్టి చెప్తున్నాను. కాలేజీ పట్టించుకోకపోతే జాతీయ హెల్ప్‌లైన్ 1800-180-5522 ఉంది. దళిత, గిరిజన స్నేహితుల్ని నలుగురిలో కులం పేరుతో అవమానిస్తే అది ర్యాగింగ్‌తో ఆగదు, 1989 అట్రాసిటీ చట్టం కింద నేరం. నువ్వు సాక్షివైతే తప్పించుకోకు.

చివరి ప్రశ్న, ఇంటిపేరు తీసేసుకోవడం. తమిళనాడులో ఆత్మగౌరవ ఉద్యమం 1929 చెంగల్పట్టు సభలో కులం తోకలు వదిలెయ్యాలని తీర్మానించింది, అక్కడ అది బాగానే నాటుకుంది. ఇవాళ తమిళ పేర్లలో చివర తోక కనబడటం తక్కువ. అక్కడ కూడా కులం అడగడం ఆగలేదు, ఊరు అడుగుతారు, వీధి అడుగుతారు. మన దగ్గర ఇంటిపేరు వేరు, తోక వేరు. తోక ఉంటే వదిలెయ్యడం తేలిక, చాలామంది రాతల్లో వదిలేశారు కూడా. ఇంటిపేరుని పొడి అక్షరంగా రాసుకోవడం మన దగ్గర ఎప్పట్నుంచో ఉన్నదే, అడిగేవాడు ఆ అక్షరాన్ని విప్పమంటాడు, అంతే తేడా. మొత్తానికే తీసేయాలనుకుంటే గెజిట్‌లో పేరు మార్పు, ఆ తర్వాత ఆధార్, పాన్, పాస్‌పోర్ట్ అన్నీ సరిచేయించాలి. పదో తరగతి మెమోలో పాత పేరు ఉండిపోతే ఉద్యోగంలో చేరేటప్పుడు రెండు పేర్లూ ఒకరివేనని చూపిస్తూ తిరగాలి. డిగ్రీ చేతికి రాకముందు ఆ పని పెట్టుకోకు. తర్వాత కూడా అనిపిస్తే చేసుకో, అది నీ పేరు. కాకపోతే ముందు ఆ ఇంటిపేరు ఏ ఊరిదో, మీవాళ్ళు ఆ ఊరు ఎందుకు వదిలారో కనుక్కుని చెయ్యి. కనుక్కుంటే ఇక్కడ కింద రాయి, టెక్కలి, సోంపేట వైపు కైఫీయత్తులు (ఊళ్ళ పాత చరిత్ర రాతలు) కొన్ని నా దగ్గర ఉన్నాయి, వెతికి చూస్తాను.